నాలుగు రెట్ల వేగం

సీడీ రాసే ప్రోగ్రాంలో అన్నీ సర్దుకున్నాక ఆఖరున తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకునేది. ఏ వేగంతో రాయమంటావు అని అడిగేది. అందులో మూడే అంకెలు: ఒకటి, రెండు, నాలుగు. తొంభైల చివరి మాట ఇది. ఒక రోజు ఆ పెట్టెలో నేను నాలుగు మీద నొక్కాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. వయసు మళ్ళితే కోపాలు వాటంతటవే చల్లారతాయని చెప్తారు. ఒట్టి అబద్ధం. నాది ఏటికేడు పెరుగుతోంది.

మా అక్క భర్త, అంటే మా బావ, భద్రాచలం రోడ్డు మీద అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊళ్ళో క్యాసెట్ల రికార్డింగ్ షాపు నడిపేవాడు. జనం తమకు కావలసిన పాటలు చీటీ మీద రాసిచ్చి పోయేవారు, బావ వాటిని ఖాళీ క్యాసెట్ మీదికి ఎక్కించి ఇచ్చేవాడు. ఆయన దగ్గరున్న టేప్‌రికార్డర్‌లో తొందరగా ఎక్కించడానికి ఒక బటన్ ఉండేది. ఆ బటన్ మీద ఆయన దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్క అంటించి పెట్టాడు, ఎవరూ పొరపాటున కూడా నొక్కకుండా. అడిగితే ఒకటే మాట.

"పాట ఎంతసేపు ఉంటే అంతసేపు కూసోవాలె. గంట పాటను పావుగంటల లాగినవనుకో, గొంతు పీలగైతది. పాడినోళ్ళకు అది మర్యాద కాదు."

నేను ఖమ్మంలో ఉండి ఏడాది పాటు కంప్యూటర్ నేర్చుకుని వచ్చాను. వచ్చినప్పటి నుంచీ బావ ప్రాణం తోడేసి షాపులోకి ఒక కంప్యూటరూ, సీడీలు రాసే మిషనూ తెప్పించాను. మా వైపు అదే మొదటిది. ఆ గర్వంతో నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. బావ ప్లాస్టర్ ముక్కను చూసి నవ్వేవాణ్ణి. "ఇది టేపు కాదు బావా, అంకెలు. అంకెలు పీలగా ఎట్లైతయ్?" అనేవాణ్ణి. ఆయన ఇంకో చీటీ అందుకునేవాడు.

ఆ ఏడాది జిల్లాలోని పల్లె కళాకారులందరినీ ఖమ్మం పిలిపించి ఒక ఉత్సవం చేయాలని ఒక సర్కారు ఆఫీసుకు బుద్ధి పుట్టింది. వైరా వైపు నుంచి కోలాటం, బోనకల్ వైపు నుంచి డప్పులు, వేంసూరు వైపు నుంచి భజన, ఇలా మొత్తం పదకొండు బృందాలు. మా వైపు నుంచి లోపలి గూడెంలోని కోయ ఆడవాళ్ళ రేల ఆట. ఆ బృందాన్ని చూసి ఖాయం చేయడానికి ఆఫీసరూ, ఆయన గుమాస్తా జీపులో వచ్చారు. పాట రికార్డు చేయమని నన్నూ ఎక్కించుకున్నారు.

గూడెంలో ఆడవాళ్ళు చేతులు నడుముల వెనక అల్లుకుని వరుసగా నిలబడ్డారు. మధ్యలో ఒక ముసలామె. పాట ఎత్తుకునేది ఆమే. ఎప్పుడో కాలు విరిగి సరిగా అతుక్కోక కుంటుతుంది. ఆమె ఒక మాట విసురుతుంది, మిగతావాళ్ళు ఆ మాటను తిప్పి అందుకుంటారు, అడుగు పడుతుంది. ఆమె కళ్ళు మాత్రం ఎప్పుడూ వాళ్ళ పాదాల మీదే ఉంటాయి. ఎవరి అడుగైనా తప్పితే తర్వాతి మాటకు పోదు. అదే మాటను మళ్ళీ ఎత్తుకుంటుంది. వరుస మొత్తం కలిసేదాకా అదే మాట, అదే అడుగు. కలిశాకే ముందుకు. ఇది వాళ్ళ పద్ధతి. ఆ రోజు జీపు బానెట్‌కు ఆనుకుని నేను ఇదంతా కళ్ళారా చూశాను. చూసి కూడా బుర్రలోకి ఎక్కించుకోలేదు.

ఆఫీసరు రెండు నిమిషాలు చూశాడు. తర్వాత గుమాస్తాతో, అందరికీ వినపడేలాగే, "ముసలామె వద్దయ్యా, కుంటుతోంది. స్టేజీ మీద బాగుండదు. మిగతా ఎనిమిది మందిని రాసుకో. ఆరు నిమిషాలు, అంతే" అన్నాడు.

ఆ ఎనిమిది మందిలో కాస్త పెద్దదానిలా ఉన్నామె ముందుకు వచ్చింది. "అవ్వ లేకుంట మేం రాం సారూ. పాట ఎవరు ఎత్తుకుంటరు? ఆమె నోట్లకెల్లి వస్తేనే మా కాలు లేస్తది."

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆఫీసరు ఆ బృందాన్ని కొట్టేసేవాడు, లేదా సిగ్గు తెచ్చుకుని ముసలామెను కూడా రానిచ్చేవాడు. మధ్యలో తగుదునమ్మా అని నేను దూరాను. "సార్, అవ్వ రాకపోయినా ఫర్వాలేదు. ఆమె గొంతును సీడీలో ఎక్కిద్దాం. అక్కడ సీడీ పాడుతుంటే వీళ్ళు అందుకుంటరు. ఆరు నిమిషాలంటే ఆరు నిమిషాలే, ఒక్క క్షణం దాటదు" అన్నాను. నన్నెవరు అడిగారు? ఎవరూ అడగలేదు. నా కొత్త మిషను గొప్ప చూపించుకోవాలనే దురద, అంతే.

ఆఫీసరు నా వీపు తట్టాడు. ఆ ఉపాయం ఆయనకు ఎంత నచ్చిందంటే పదకొండు బృందాలూ తమ పాటలను క్యాసెట్ల మీద పంపాలనీ, అన్నీ కలిపి ఒకే సీడీ చేయాలనీ, ఎవరూ టైము మించకూడదనీ అక్కడికక్కడే చెప్పేశాడు. నోటితో పాడుకునే మనుషుల నోళ్ళన్నీ ఒక్క మాటతో మూయించాడు. ఆ మాట అందించింది నేను.

ముసలామెకు తెలుగు బాగానే వచ్చు. అంతా విని, గొణగకుండా, గొడవ చేయకుండా, నన్ను దగ్గరికి పిలిచింది.

"నా గొంతు ఒక్కటే తీస్కపోతవా?"

"అవ్ అవ్వా."

"వంత లేకుంట ఎట్ల పాడాలె?"

అమ్మాయిలను ఎదురుగా నిలబెట్టాం. వాళ్ళు నోరు మూసుకుని అడుగు మాత్రం వేస్తే, ఆ పాదాలను చూస్తూ ఆమె పాడింది. వాళ్ళు అందుకోవలసిన చోటల్లా ఊరికే ఆగింది. ఆ ఖాళీలతోనే రికార్డు చేశాను. పాట వాళ్ళ భాషలో ఉంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ మాట దగ్గర ఏం జరుగుతుందో తర్వాత ఆమే చెప్పింది: వరుస గూడెం నుంచి బయల్దేరి, కొండ దిగి, వాగు దాటి, అవతలి ఊరికి చుట్టాలింటికి పోతుందట. ఎంత దూరమైనా మధ్యలో ఎవరినీ వదలకూడదట.

నేను టేపు సర్దుకుంటుంటే నా మణికట్టు పట్టుకుంది. "బిడ్డా, నేను ఉండను గద అక్కడ. నా పాట పిల్లలను నడిమిట్ల ఇడిసిపెట్టద్దు. ఊరు చేర్చాలె. మాట ఇయ్యి."

ఇచ్చాను. ఎంత తేలిగ్గా ఇచ్చానో తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

వారం తర్వాత పొద్దున్నే గుమాస్తా అన్ని క్యాసెట్లూ తీసుకుని షాపుకు వచ్చాడు. మర్నాడే ఉత్సవం. పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ముగించేసరికి ఉదయం పది దాటి అయిదు నిమిషాలయింది. వరుసలో ఏది ముందు, ఏది వెనక అని అడిగాను. "ఆ అడవోళ్ళది చివర పెట్టు" అన్నాడు గుమాస్తా. పెట్టాను. నేర్చుకుంటూ నేను పాడుచేసినవి పోగా ఖాళీ సీడీ ఒకే ఒక్కటి మిగిలింది, అదీ చౌక రకం.

అప్పుడు ఆ పెట్టె తెరుచుకుంది. ఒకటి, రెండు, నాలుగు.

మా ఊళ్ళో ఆ రోజుల్లో పదకొండింటికి ఠంచనుగా కరెంటు పోయేది. మధ్యలో కరెంటు పోతే సీడీ చెత్తబుట్టకే. మొత్తం పాటలు గంటకు పైగా ఉన్నాయి. ఒకటి పెడితే రాయడానికి గంటకు పైగానే పడుతుంది, కుదరదు. రెండు పెడితే అరగంట దాటి కొంచెం. నాలుగు పెడితే ఇరవై నిమిషాలు కూడా పట్టదు. కుర్చీ వెనక బావ నిలబడి ఉన్నాడు.

"ఒకటి కుదరకపోతే మానె. రెండన్న పెట్టు బామ్మర్ది. టైమున్నది గద."

టైముంది. గోడ గడియారం నాకూ కనపడుతోంది. రెండు పెట్టినా కరెంటు పోయే లోపల ఇంకో పావుగంట మిగిలేది. కానీ గుమాస్తా బయట జీపు హారన్ కొట్టిస్తున్నాడు. బావ మాట వింటే నేను నేర్చుకున్న చదువంతా ఆయన ప్లాస్టర్ ముక్క ముందు దండగైపోతుందనిపించింది. నిజం చెప్పాలంటే హారన్ కన్నా ఆ రెండోదే అసలు కారణం. ఆయన చూస్తుండగానే నాలుగు నొక్కాను.

మిషను గిర్రున తిరిగింది. ఇరవై నిమిషాల లోపు సీడీ బయటికి వచ్చింది. కంప్యూటర్‌లో పెట్టి ప్రతి పాటా ముందు కొంచెం, వెనక కొంచెం విన్నాను. బ్రహ్మాండంగా ఉంది. బావ వైపు తిరిగి "ఎట్లుంది?" అన్నాను.

బావ షాపులో మూలనున్న పాత సీడీ ప్లేయర్ చూపించాడు. "అండ్ల పెట్టి ఆఖరిది ఒక్కటి పూర్తిగా ఇను. ఆరు నిమిషాలే గద. ఆమెకు మాట ఇచ్చి వచ్చిన అన్నవ్."

ఆరు నిమిషాలు! నా దగ్గర ఆరు నిమిషాలు లేవట. సీడీని కాగితం కవర్లో పెట్టి గుమాస్తా చేతికిచ్చేశాను. తర్వాత కొన్నాళ్ళకు తెలిసింది: సీడీ మీద రాత లోపలి నుంచి అంచు వైపు వస్తుంది, ఆఖరి పాట అంచున పడుతుంది. చౌక సీడీ మీద తొందరగా రాస్తే అంచు దగ్గర రాత సరిగా పడదు. కొత్త కంప్యూటర్ ఎలాగో చదువుకుంటుంది, పాత ప్లేయర్ తడబడుతుంది. గొంతు పీలగైతదన్న బావ మాట సీడీకి తప్పే. కానీ కూర్చోవాలన్న మాట తప్పు కాదు. అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఖమ్మంలో హాలు నిండిపోయింది. కుర్చీలకు తెల్ల గుడ్డలు, ముందు వరుసలో ఆఫీసర్లు, వాళ్ళ కుటుంబాలు. సీడీ చూసుకోవడానికి నేను స్టేజీ పక్కన సౌండ్ మిషన్ల దగ్గర నిలబడ్డాను. అక్కడున్న ప్లేయర్ మా బావ ప్లేయర్ కన్నా పాతది. పది పాటలు సాఫీగా నడిచాయి. ఆఖరున మా ఎనిమిది మంది వచ్చి చేతులు అల్లుకుని నిలబడ్డారు. ముసలామె గొంతు హాలంతా మోగింది. చిన్న గూడెం ముసలామె గొంతు అంత పెద్ద హాల్లో అలా లేచేసరికి నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు. వాళ్ళు అందుకున్నారు. గూడెం నుంచి బయల్దేరారు, కొండ దిగారు. వాగు దగ్గరికి వచ్చారు.

అక్కడ సీడీ పట్టేసింది. ఒక మాట అని, టక్కున వెనక్కి దూకి, మళ్ళీ అదే మాట. ఇంకోసారి అదే మాట.

మామూలు డాన్సు బృందమైతే ఏదో అయిందని ఆగిపోయి పక్కకు చూసేవాళ్ళు. వీళ్ళు ఆగలేదు. మాట మళ్ళీ వచ్చిందంటే ఎవరిదో అడుగు తప్పిందని వాళ్ళకు అర్థం. చిన్నప్పటి నుంచి అదే లెక్క. ఎనిమిది మందీ తలలు దించి పాదాల వంక చూసుకున్నారు. అదే మాట అందుకున్నారు, అదే అడుగు వేశారు, ఇంకా జాగ్రత్తగా. సీడీ మళ్ళీ అదే అంది. వాళ్ళు ఒకరినొకరు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. చివరనున్న పిల్ల, అందరిలోకీ చిన్నది, పెళ్ళై ఏడాది కూడా కాలేదు, తన కాళ్ళను చూసుకుంటూ పెదవి కొరుక్కుంటోంది. ఎంత సరిగ్గా వేసినా గొంతు ముందుకు పోదు. వేశారు, మళ్ళీ వేశారు.

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వెనక నుంచి ఈల. చప్పట్లు. మైకు దగ్గరున్న మనిషి, "మన అడవి బిడ్డలకు ఈ ఒక్క లైనే వచ్చినట్టుంది" అన్నాడు. హాలు గొల్లుమంది. ఆఫీసరు కూడా నవ్వాడు. కుంటే మనిషి స్టేజీ మీద బాగుండదన్న ఆఫీసరు, కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు ఆ తెల్ల గుడ్డలతో సహా కుర్చీలన్నీ ఎత్తి అవతల పారేయాలనిపించింది. అలాంటిదేమీ చేయలేదు. మిషన్ల మనిషిని పక్కకు తోసి, ముందుకు పంపే బటన్ నొక్కాను. చివరి పాట తర్వాత ఇంకేముంటుంది? సీడీ తిరిగి మొదటికి పోయింది. వైరా వాళ్ళ కోలాటం పాట మొదలైంది. నవ్వులకు హాలు కప్పు లేచిపోతుందేమో అనిపించింది. మా వాళ్ళు అల్లుకున్న చేతులు విడిపించుకుని, ఎటు పోవాలో తెలియక, అక్కడే నిలబడ్డారు.

మధ్యాహ్నం రెండింటికి వ్యాను ఎక్కాం.  ఖమ్మం దాటగానే చివర నిలబడిన పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "నాదే. నా ఎడమ కాలు ఎనక పడ్డది. అవ్వ అందుకే ఆపింది." కాదు, నాదేనంది ఇంకొకామె. ఆ స్టేజీ చెక్కల మీద అలవాటు లేక తడబడ్డానంది మరొకామె. ఒక్కరంటే ఒక్కరు సీడీ పేరెత్తలేదు. దానిలో ఉన్నది అవ్వ గొంతు, అవ్వ ఊరికే ఆపదు. నేను డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని అంతా వింటూ, నోరు తెరవకుండా, కిటికీలోంచి చెట్లు చూశాను. ఈ కథ మొత్తంలో నా మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం ఆ ప్రయాణం గురించే. నాలుగు నొక్కడం ఒక్క క్షణం. ఆ పిల్ల ఏడుస్తుంటే చెట్లు చూడటం నాలుగు గంటలు.

సాయంత్రం గూడెం చేరాం. ముసలామె మొదటి ఇంటి ముందే నిలబడి ఉంది. వ్యాను దిగుతున్న వాళ్ళ మొహాలు చూసింది. వాళ్ళ భాషలో ఏదో అడిగింది. చిన్నపిల్ల వెక్కుతూ చెప్పింది. నాకు అర్థమైంది ఒకటే, ఆ పిల్ల తన ఎడమ పాదం చూపించడం. అప్పుడు నా నోరు పెగిలింది.

"వాళ్ళది కాదవ్వా తప్పు. వాళ్ళ అడుగు ఎక్కడా తప్పలే. నేను తొందరపడి రాసిన. సీడీ పట్టేసింది. తప్పు నాది."

"ఎక్కడ ఆగింది?"

"వాగు దగ్గర."

"దాటలేదా?"

"దాటలే."

 తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కోరుకున్నాను. "ఎందుకు తొందరపడ్డవ్ బిడ్డా? ఏం పని పడ్డది?" అని మాత్రం అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.  హాల్లోంచి తెచ్చుకున్న సీడీ జేబులో ఉంది, తీసి చూపించాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"పొద్దుటి నుంచి పిల్లలను వాగు కాడ నిలబెట్టినవా?" అంది.

ఇళ్ళల్లోకి పోతున్న వాళ్ళను పిలిచింది. గుమ్మం తొక్కనివ్వలేదు. మూటలు అక్కడే దింపించి వరుసగా నిలబెట్టింది, మధ్యలో తను నిలబడింది. చేతులు అల్లుకున్నారు. ఆ చిన్నపిల్ల ఇంకా వెక్కుతూనే ఉంది. ముసలామె పాట ఎత్తుకోబోయి ఆగి, నా వంక తిరిగింది.

"నువ్వు గూడ రా. నువ్వు గూడ ఈ ఒడ్డునే ఉన్నవ్ గద."

ఎక్కడ నిలబడాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పోయి చివర నిలబడ్డాను, సీడీలో నేను ఆమె పాటను పెట్టిన చోట. చిన్నపిల్ల నా నడుము వెనక చెయ్యి వేసి పట్టుకుంది.

ముసలామె మొదటి నుంచి మొదలుపెట్టలేదు. వాగు దగ్గరి మాటే ఎత్తుకుంది. వాళ్ళు అందుకున్నారు. నా అడుగు తప్పింది. ఆమె నా పాదాలు చూసి, అదే మాట మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ తప్పింది. మళ్ళీ ఎత్తుకుంది. ఎవరూ నవ్వలేదు. నా ఒక్కడి కోసం ఆ తొమ్మిది మందీ, ముసలామె తప్ప అందరూ ఖమ్మం పోయి అలిసిపోయి వచ్చినవాళ్ళే, అదే చోట అదే అడుగు వేస్తూ నిలబడ్డారు, నేను కలిసేదాకా. కలిశాక ఆమె తర్వాతి మాట విసిరింది.

అవతలి ఊరు చేరేసరికి ఎంతసేపైందో నేను చూసుకోలేదు. ఆరు నిమిషాలైతే కాదు.